గది కొలిచాకే ఎయిర్ ప్యూరిఫయర్ కొనండి

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఏసీలు అమ్మే షాపుల్లో ఇప్పుడు ఎయిర్ ప్యూరిఫయర్లు కూడా పెట్టి అమ్ముతున్నారు. కొనేవాళ్ల భయంలో తప్పేమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 పట్టణాలుంటే, వాటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. గాలి నాణ్యత ప్రమాణాన్ని ఏళ్ల తరబడి అందుకోలేని ఊళ్లనే అందులో చేరుస్తారు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కాల్చే పొగ, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము, రైసు మిల్లుల ఊక బూడిద, ఇవన్నీ మనం రోజూ పీల్చేవే. మా బాధల్లా కొనే పద్ధతి గురించి. ఏ కంపెనీ, రిమోట్ ఉందా, వైఫై ఉందా అని అడుగుతున్నారు గానీ, అడగాల్సిన ఒక్క అంకెను ఎవరూ అడగడం లేదు. చాలా షాపుల్లో చెప్పడమూ లేదు.

ప్యూరిఫయర్‌లో పని చేసేవి రెండే, ఒక ఫ్యాను, ఒక ఫిల్టర్. ఆ రెండూ కలిసి గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని దుమ్ము లేకుండా చేసి గదిలోకి వదులుతాయో చెప్పే అంకె పేరు సీఏడీఆర్. అది పెట్టె పక్కన చిన్న అక్షరాల్లోనో, యంత్రం అడుగున అతికించిన స్టిక్కర్ మీదో ఉంటుంది. కొందరు దాన్ని నిమిషానికి ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్ఎంలో వేస్తారు. దాన్ని 1.7తో గుణిస్తే గంటకు ఘనపు మీటర్లు వచ్చేస్తాయి. పెట్టె మీద గానీ, స్టిక్కర్ మీద గానీ, కంపెనీ కాగితాల్లో గానీ ఆ అంకె లేకపోతే ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ యంత్రం వద్దు.

షాపుకు వెళ్లే ముందు టేపు పట్టుకుని పడగ్గది కొలవండి. మన డాబా ఇళ్లలో స్లాబు ఎత్తు చాలావరకు 10 అడుగులుంటుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది అయితే మొత్తం 1,200 ఘనపుటడుగులు. దాన్ని 35.3తో భాగిస్తే 34 ఘనపు మీటర్లు. ఆస్తమా ఉన్నవాళ్లో, పసిపిల్లలో, పెద్దవాళ్లో పడుకునే గదిలో అంత గాలి గంటకు 5 సార్లయినా శుద్ధి కావాలి. 34ను 5తో గుణిస్తే 170. మీకు కావలసిన సీఏడీఆర్ అదీ.

అయితే పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది సీఏడీఆర్ కాదు, చదరపు అడుగులు. 450 చదరపు అడుగుల హాలుకు సరిపోతుందని రాసిన యంత్రం సీఏడీఆర్ 350 అనుకోండి. 10 అడుగుల ఎత్తున్న అలాంటి హాల్లో 4,500 ఘనపుటడుగుల గాలి, అంటే 127 ఘనపు మీటర్లు ఉంటుంది. 350ని 127తో భాగిస్తే మూడు కూడా రాదు. ఫ్యాను పూర్తి వేగంతో తిరిగినా హాల్లో గాలి గంటకు మూడుసార్లు కూడా శుద్ధి కాదన్నమాట. పెట్టె మీద రాసింది అబద్ధమని అనలేం. తక్కువ ఎత్తు గదులకు, తక్కువసార్లు గాలి తిరిగితే చాలనుకుని వేసిన లెక్క అది. మన ఇంటికి మన లెక్కే వేసుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. సీఏడీఆర్‌ను కొలిచేది ఫ్యాను అన్నిటికన్నా ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు. ఆ వేగంలో చాలా యంత్రాలు 50 డెసిబెల్స్ దాటి, కొన్ని 60 దాకా రొద చేస్తాయి. ఆ రొదలో ఎవరికీ నిద్ర పట్టదు. దాంతో రాత్రికి స్లీప్ మోడ్‌లో పెట్టి పడుకుంటారు. అప్పుడు చాలా మోడళ్లలో సీఏడీఆర్ పావు వంతుకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. 170 అని కొన్న యంత్రం 40తో నడుస్తుంటుంది. అందుకే లెక్కలో వచ్చినదానికి రెట్టింపున్న మోడల్ తీసుకుని మధ్య స్పీడులో నడపండి. పైన లెక్కేసిన గదికి 170 కావాలంటే 340, 350 ఉన్నది కొనాలి. షాపులోనే మధ్య స్పీడులో పెట్టించుకుని, పక్కన నిలబడి చప్పుడు విని చూడండి. డిస్కౌంటు గురించి బేరమాడే సమయం ఈ పనికి పెడితే ఎక్కువ లాభం.

ఇప్పుడు గది సంగతి. మా దృష్టిలో ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పాతకాలం డాబాల్లో గుమ్మాల మీద, కిటికీల మీద సిమెంటు జాలీ వెంటిలేటర్లుంటాయి. వాటికి తలుపులుండవు. గుమ్మం కింద అరంగుళం సందు ఉంటుంది. అటాచ్డ్ బాత్రూమ్ కిటికీకి గాజు పలకలు అడ్డంగా పేర్చి ఉంటాయి, వాటిలో ఒకటో రెండో ఎప్పుడూ ఊడిపోయే ఉంటాయి. ఇన్ని దారులుండగా ప్యూరిఫయర్ పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. లెక్కతో చెబుతాం. బయట గాలిలో పీఎం2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు ఉండే సన్నటి దుమ్ము, ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములుందనుకోండి. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన హద్దు అదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. తలుపులు, సందులు బాగా మూసిన గదిలోకి గంటకు ఒకసారి గదికి సరిపడా బయటి గాలి వస్తుంది, ప్యూరిఫయర్ గంటకు 5 సార్లు శుద్ధి చేస్తుంది. అప్పుడు బయటి దుమ్ములో ఆరో వంతు, అంటే 10 దగ్గర నిలుస్తుంది. అదే గదిలో కిటికీ తెరిచి గంటకు 10 సార్లు బయటి గాలి వచ్చేలా చేస్తే, అదే యంత్రం పెట్టినా 40 దగ్గర ఆగుతుంది. యంత్రం మారలేదు, కరెంటు మారలేదు, మారింది కిటికీ ఒక్కటే.

కాబట్టి ముందు వెంటిలేటర్ల జాలీలకు లోపలివైపు మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటో, యాక్రిలిక్ ముక్కో స్క్రూలతో బిగించండి. వేసవిలో తీసుకోవచ్చు. తలుపు అడుగున హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రబ్బరు పట్టీ వేయండి. కిటికీ రెక్కల అంచులకు ఫోమ్ టేపు అంటించండి. వీటన్నిటికీ అయ్యేది వందల్లోనే, వేలల్లో కాదు. పెంకుటింట్లో మాత్రం ఈ ఉపాయం సాగదు. పెంకుల సందుల్లోంచి, గోడకీ వాసాలకీ మధ్య ఖాళీలోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. అలాంటి ఇంట్లో ఒక్క పడగ్గదికి ఫాల్స్ సీలింగ్ వేయించి అంచులు మూయించాకే ప్యూరిఫయర్ మాట ఆలోచించాలి. అది కుదరకపోతే ఆ డబ్బు మరో పనికి వాడుకోవడం మేలు.

మూసేశాం కదా అని పగలూ రాత్రీ బిగించి ఉంచకూడదు. నలుగురు పడుకున్న గదిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి తెల్లారేసరికి తలనొప్పి వస్తుంది. దాన్ని ఏ ప్యూరిఫయరూ తీయలేదు. రోజుకోసారి కిటికీలు తెరవాలి. కాకపోతే చలికాలంలో పొద్దున్నే తెరవకండి. తెల్లవారుజామున పొగంతా నేలకు దగ్గరగా పట్టేసి ఉంటుంది. ఎండెక్కి, సముద్రం గాలి తిరిగాక మధ్యాహ్నం ఓ అరగంట తెరిస్తే చాలు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, కాబట్టి ప్యూరిఫయర్‌తో కలిపి నడపొచ్చు. ఏసీలో ఉండే జాలీ ఫిల్టర్ నూలుపోగుల్ని, పెద్ద దుమ్మును ఆపుతుందే గానీ పొగను ఆపలేదు. కూలర్ పనే బయటి గాలిని లాగడం, దాన్నీ దీన్నీ కలిపి పెట్టకండి.

ఫిల్టర్ విషయానికొస్తే, సన్నటి రేణువుల్ని పట్టే హెపా ఫిల్టర్ కావాలి, దాని మీద హెచ్13 అనో హెచ్12 అనో స్పష్టంగా రాసి ఉండాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం హెచ్13 ఫిల్టర్ పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు రేణువుల్లో కూడా 99.95 శాతం ఆపుతుంది. హెచ్12 అయితే 99.5 శాతం. ఇల్లు వరకు ఈ రెండిటికీ తేడా పెద్దగా తెలియదు, గాలి పరిమాణమే ముఖ్యం. 'హెపా టైప్', 'హెపా లాంటిది' అని రాసినవాటికి మాత్రం ఏ ప్రమాణమూ లేదు. 0.3 మైక్రాన్ల కన్నా చిన్నవి ఫిల్టర్ దాటిపోతాయనే అనుమానం చాలామందికి ఉంది. నిజానికి ఆ సైజే కష్టమైనది. అంతకన్నా చిన్నవి గాలి అణువులు తగిలి అటూ ఇటూ ఊగుతూ పోగులకు అంటుకుపోతాయి.

హెపా ఆపేది రేణువుల్ని మాత్రమే. వాయువుల్ని, వాసనల్ని ఆపదు. రణస్థలం, పైడిభీమవరం వైపు రాత్రిళ్లు రసాయనాల వాసన వస్తోందని ప్యూరిఫయర్ కొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. 'యాక్టివేటెడ్ కార్బన్ ఉంది' అని అమ్మే చాలా యంత్రాల్లో ఉండేది కార్బన్ పొడి పూసిన పల్చటి నల్లటి స్పాంజి. చేత్తో ఎత్తి చూడండి, కాగితంలా తేలిగ్గా ఉంటే అది అలంకారమే. వాసనలకు పనికొచ్చే కార్బన్ గుళికల రూపంలో, కిలోల్లో ఉండాలి. పైగా మన తీరంలో ఏడాదిలో సగం రోజులు గాలి చెమ్మగా ఉంటుంది. కార్బన్ ఆ చెమ్మను కూడా పీల్చుకుంటుంది, దాంతో వాసనకు మిగిలే చోటు తగ్గుతుంది. ఫ్యాక్టరీ వాసనకు మందు కాలుష్య నియంత్రణ మండలికి తేదీ, సమయం రాసి ఇచ్చే ఫిర్యాదే గానీ ఇంట్లో పెట్టుకునే డబ్బా కాదు.

ఈ సందర్భంలోనే ఒక ప్రాణాపాయం గురించి గట్టిగా చెప్పాలి. బాలింతల గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపులు మూసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ గదిలో ప్యూరిఫయర్ పెట్టామన్న ధైర్యంతో సందులన్నీ మూసేస్తే నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు, వాసన లేవు. ప్యూరిఫయర్ దాన్ని ఏమీ చేయలేదు. కుంపటి ఉన్న గదిలో కిటికీ తెరిచే ఉండాలి. ప్యూరిఫయర్ నడిచే గదిలో కుంపటి ఉండకూడదు.

అయొనైజర్, ప్లాస్మా, ఓజోన్ అని చెప్పి అదనంగా వసూలు చేసేవి వద్దు. ఇలాంటివి గాలిలోకి ఓజోన్ వదలొచ్చు. ఓజోన్ ఊపిరితిత్తులను మంటెక్కించే వాయువు, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ చెడ్డది. యంత్రంలో అయొనైజర్ బటన్ ఉంటే ఆపేసి ఉంచండి. యూవీ దీపం వల్ల కూడా ఇంట్లో ఒరిగేది తక్కువ. గాలి దాని ముందు నుంచి దాటిపోయే క్షణంలో చంపగలిగేది పెద్దగా ఉండదు.

యంత్రానికి డబ్బు పెట్టే ముందు ఇంట్లో పొగ పుట్టే చోట్లు ఆపితే సగం పని అయిపోతుంది. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం2.5, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మూసిన పడగ్గదిలో కాయిల్ వెలిగించి పక్కన ప్యూరిఫయర్ నడపడం కన్నా దోమతెర కట్టుకోవడం వేలరెట్లు మేలు. అగరొత్తులు, సాంబ్రాణి పూజగదిలో వెలిగించి, కిటికీ తెరిచి ఉంచండి. వంటింట్లో ప్యూరిఫయర్ ఎప్పుడూ పెట్టకండి. పోపుల, వేపుళ్ల నూనె ఆవిరి ఫిల్టర్ పోగులకు అంటుకుని త్వరగా పాడుచేస్తుంది. అక్కడ కావలసింది ఎగ్జాస్ట్ ఫ్యాను. క్వారీ దుమ్ము ఎక్కువ ఉన్న ఊళ్లలో ఇల్లు చీపురుతో ఊడవడం మానేసి తడిగుడ్డ పెట్టండి. కింద పడిన దుమ్మును ప్యూరిఫయర్ లాగలేదు, చీపురే దాన్ని మళ్లీ గాల్లోకి లేపుతుంది.

యంత్రం ఇంటికి వచ్చాక మొదట చేయాల్సింది వెనక మూత తీసి చూడడం. కొత్త ఫిల్టర్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి లోపల పెట్టి పంపుతారు. ఆ కవరు తీయకుండా నెలల తరబడి నడిపే ఇళ్లు చాలా ఉన్నాయి. ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, గాలి మాత్రం శుద్ధి కాదు. గోడకు కనీసం అడుగు దూరంలో, కర్టెన్లకు ఎడంగా పెట్టండి. బయటి జాలీని, అంటే ప్రీఫిల్టర్‌ను, రెండు వారాలకోసారి దులిపి లేదా కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. హెపాను మాత్రం ఎప్పుడూ కడగకూడదు. నీళ్లు తగిలితే పోగులు దెబ్బతింటాయి, వాటికుండే విద్యుదావేశం పోతుంది, చెమ్మ నిలిచి బూజు పడుతుంది. ఫిల్టర్ మార్చేటప్పుడు పాతదాని శుభ్రమైన వైపు చూడండి. అంచుల వెంట బూడిదరంగు చారలు కనిపిస్తే గాలి ఫిల్టర్ గుండా కాక పక్క సందులోంచి పోతున్నట్టే. చవగ్గా దొరికే వేరే కంపెనీ ఫిల్టర్లలో ఇది తరచూ కనిపిస్తుంది, కొలత రెండు మిల్లీమీటర్లు తక్కువైనా, అంచు ఫోమ్ పల్చగా ఉన్నా చాలు.

ఫిల్టర్ మార్చమని వెలిగే దీపం చాలా యంత్రాల్లో గంటలు మాత్రమే లెక్కపెడుతుంది, మురికిని చూడదు. టెక్కలిలోనూ భీమిలి తీరంలోనూ ఒకే గంటలకు వెలుగుతుంది. రీసెట్ నొక్కితే దీపం ఆరుతుందే గానీ ఫిల్టర్ కొత్తదైపోదు. దీపాన్ని నమ్మే బదులు పరీక్ష పెట్టండి. రెండు, మూడు వేల రూపాయల లేజర్ పీఎం2.5 మీటరు ఒకటి నలుగురు కలిసి కొనుక్కున్నా చాలు. గది మూసి, ఎవరూ లేకుండా చూసి, ఒక అగరొత్తి వెలిగించండి. మీటరు 300 దాటాక ఆర్పేసి బయట పారేసి, సీలింగ్ ఫ్యాను చిన్నగా తిప్పి, ప్యూరిఫయర్ ఆన్ చేసి, అంకె సగానికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. గది ఘనపు మీటర్లను 42తో గుణించి ఆ నిమిషాలతో భాగిస్తే యంత్రం నిజంగా ఇస్తున్న సీఏడీఆర్ సుమారుగా వస్తుంది. 34 ఘనపు మీటర్ల గదిలో 9 నిమిషాలు పడితే దాదాపు 159. 20 నిమిషాలు పడితే 71 మాత్రమే. ఇందులో సందుల వల్ల, నేల మీద పడడం వల్ల దానంతటదే తగ్గేదీ కలిసే ఉంటుంది కాబట్టి నిజమైన అంకె ఇంకొంచెం తక్కువే. కొత్తలో ఒకసారి కొలిచి గోడ మీద రాసి పెట్టుకోండి. నిమిషాలు ఒకటిన్నర రెట్లు అయితే ఫిల్టర్ పూడుకుపోయినట్టు. మీటర్ల గురించి ఒక జాగ్రత్త. వానాకాలంలోనూ, మంచు కురిసే పొద్దుల్లోనూ ఈ లేజర్ మీటర్లు నీటి తుంపరల్ని కూడా దుమ్ముగా లెక్కపెట్టి ఎక్కువ చూపిస్తాయి. గాలి బాగాలేదని యంత్రం మీద వెలిగే ఎర్ర దీపానికీ అదే జబ్బు.

ఖర్చు యంత్రం ధరతో ఆగదు. ఏడాదికోసారి మార్చే ఫిల్టర్ రెండున్నర వేలనుకుంటే ఐదేళ్లలో పన్నెండున్నర వేలు, చాలా యంత్రాల ధరంత. కరెంటు మాత్రం పెద్ద లెక్క కాదు. 45 వాట్ల యంత్రం రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 14 యూనిట్ల లోపే. కొనేముందే ఫిల్టర్ ధరెంత, ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడగండి. విశాఖ నుంచో, ఢిల్లీ నుంచో తెప్పించాలంటే ఒకటి అదనంగా, సీలు విప్పకుండా పెట్టుకోండి. టచ్ బటన్లున్న చాలా మోడళ్లు కరెంటు పోయి వచ్చాక వాటంతటవి మొదలవ్వవు. రాత్రి రెండింటికి కరెంటు పోయి ఐదు నిమిషాల్లో వచ్చినా తెల్లారేదాకా ఆగిపోయే ఉంటాయి. తిప్పే స్విచ్ ఉన్నవి, లేదా పాత సెట్టింగ్ గుర్తుంచుకునేవి మన ఊళ్లకు నయం. షాపులో ప్లగ్గు పీకి మళ్లీ పెట్టించి చూస్తే అక్కడే తేలిపోతుంది.

పత్రికను మేం కోరేది రెండు విషయాలు. ప్యూరిఫయర్ల ప్రకటనల్లో చదరపు అడుగుల పక్కన సీఏడీఆర్, మార్చే ఫిల్టర్ ధర కూడా అదే సైజు అక్షరాల్లో వేయమని ప్రకటనదారులను అడగండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జిల్లా పేజీలో ఉష్ణోగ్రతల పక్కన, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే పీఎం10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము), పీఎం2.5 అంకెలను తేదీతో సహా వేయండి. ఏ రోజు యంత్రం నడపాలో, ఏ రోజు కిటికీలు తెరిచి హాయిగా పడుకోవచ్చో చదివేవాళ్లు వాళ్లే చూసుకుంటారు.

ఇట్లు,
ఏసీ, ఎయిర్ ప్యూరిఫయర్ సర్వీసు పనిలో ఉన్నవాళ్లం,
శ్రీకాకుళం, విజయనగరం